రింగు తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందా? మనిషి బరువు, బండి సస్పెన్షన్ లెక్క

వానలు తగ్గి కాలవ గట్ల మీది రోడ్లలో గుంతలు బయటపడే రోజుల్లో, కోనసీమలో గాని భీమవరం వైపు గాని ఏ మెకానిక్ షెడ్డు దగ్గర నిలబడినా ఒక మాట తరచుగా వినపడుతుంది: "బండి వెనక బాగా కొడుతోంది, షాకులు టైట్ చెయ్యి." మెకానిక్ హుక్ స్పానర్ తీసుకుని వెనక షాక్ అబ్జార్బర్‌కు ఉన్న మెట్ల రింగును ఒకటి రెండు మెట్లు తిప్పుతాడు. రెండు నిమిషాల పని. ఆ తర్వాత కొందరు కుదుపు తగ్గిందంటారు, కొందరు పెరిగిందంటారు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. ఒకే రింగు ఒకరికి హాయిని, మరొకరికి నడుం నొప్పిని ఎలా ఇస్తుందో తెలియాలంటే అది దేన్ని మారుస్తుందో ముందు తెలియాలి. అది స్ప్రింగు గట్టిదనాన్ని మారుస్తుందని చాలామంది అనుకుంటారు గాని, మార్చదు.

## స్ప్రింగు మోస్తుంది, డాంపర్ అదుపు చేస్తుంది

షాక్ అబ్జార్బర్ అని మనం ఒకే పేరుతో పిలిచే దానిలో రెండు వేర్వేరు భాగాలున్నాయి. బయటికి కనిపించే స్ప్రింగు బరువు మోస్తుంది. గతుకు వచ్చినప్పుడు నొక్కుకుని, ఆ దెబ్బను తనలో దాచుకుని, మళ్లీ తిరిగి ఇచ్చేస్తుంది. ఇచ్చేయడమే చిక్కు. స్ప్రింగు ఒక్కటే ఉంటే బండి ఒక గతుకు దాటాక కూడా చాలాసేపు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. లోపలి గొట్టంలో నూనె సన్నటి రంధ్రాల గుండా వెళ్తూ ఆ ఊపును అణచివేస్తుంది. ఆ భాగమే డాంపర్.

మనిషి బరువుకు తగ్గట్టు సర్దడమంటే ప్రధానంగా స్ప్రింగు వైపు పని. మామూలు కమ్యూటర్ బళ్లలో డాంపర్‌ను సర్దే ఏర్పాటు ఉండదు. ముందు ఫోర్కులనూ చాలా బళ్లలో సర్దలేం. మనకు దొరికేది వెనక రింగు ఒక్కటే. దీనికి కారణం ఉంది. సీటు మీద కూర్చున్న మనిషి బరువులో సుమారు 60 శాతం వెనక చక్రం మీద, 40 శాతం ముందు చక్రం మీద పడుతుంది. 50 కిలోల మనిషి దిగి 90 కిలోల మనిషి ఎక్కితే ముందు పెరిగేది 16 కిలోలు, వెనక పెరిగేది 24 కిలోలు. వెనక ఇంకొకరు కూర్చుంటే వారి బరువులో ఎక్కువ భాగం వెనక చక్రానికే చేరుతుంది. మార్పు ఎక్కడ ఎక్కువో అక్కడే రింగు పెట్టారు.

## దిగుడు అంటే

బండిని సెంటర్ స్టాండ్ వేస్తే వెనక చక్రం గాలిలో వేలాడుతుంది. స్ప్రింగు పూర్తిగా సాగి ఉంటుంది. స్టాండ్ తీసి చక్రాల మీద నిలబెడితే బండి తన బరువుకే కొంచెం కిందికి దిగుతుంది. మనిషి ఎక్కితే ఇంకా దిగుతుంది. ఈ దిగడాన్ని ఇంజినీర్లు సాగ్ (sag) అంటారు. ఇక్కడ దాన్ని దిగుడు అందాం. బండి బరువుకే వచ్చేది ఖాళీ దిగుడు, మనిషితో కలిపి వచ్చేది నిండు దిగుడు.

కొలవడానికి ఒక టేపు, ఇంకో మనిషి సాయం చాలు. వెనక ఇరుసు నుంచి దానికి సూటిగా పైనున్న ఏదో ఒక గుర్తు దాకా కొలవాలి. స్టాండ్ మీద 520 మిల్లీమీటర్లు, చక్రాల మీద ఖాళీగా 510, మనిషి కూర్చుంటే 495 వచ్చిందనుకుందాం. ఖాళీ దిగుడు 10, నిండు దిగుడు 25. లోపలి సీళ్లు, బుష్‌ల రాపిడి వల్ల కొలత కొద్దిగా అటూ ఇటూ అవుతుంది. అందుకే సీటును ఒకసారి కిందికి నొక్కి వదిలి, మరోసారి పైకి ఎత్తి వదిలి, రెండు కొలతల సగటు తీసుకుంటారు.

దిగుడు ఎందుకు ఉండాలి? చక్రం గతుకు ఎక్కినప్పుడు పైకి లేవడానికే కాదు, గుంత వచ్చినప్పుడు కిందికి జారడానికీ చోటు కావాలి. దిగుడు లేని బండిలో చక్రం గుంతలోకి దిగలేక నేలను వదిలేస్తుంది. దిగుడు మరీ ఎక్కువైతే పైకి లేవడానికి చోటు చాలక అడుగుకు తగులుతుంది. చక్రం కదలగల మొత్తం దూరంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా నిండు దిగుడు ఉండటం రోడ్డు బళ్లకు మంచిదని విస్తృతంగా వాడుకలో ఉన్న లెక్క.

## రింగు తిప్పినప్పుడు లోపల జరిగేది

స్ప్రింగు ఎంత నొక్కుకుంటే అంతే నిష్పత్తిలో ఎదురు తోస్తుందన్న సూత్రాన్ని రాబర్ట్ హుక్ 1678లో ప్రచురించాడు. మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని కిలోలు కావాలన్నదే దాని గట్టిదనం. తీగ మందం, చుట్టు వెడల్పు, చుట్ల సంఖ్య, లోహ స్వభావం దాన్ని నిర్ణయిస్తాయి. రింగు తిప్పితే వీటిలో ఏదీ మారదు.

మారేది ఆరంభ స్థానం. స్ప్రింగు షాక్ అబ్జార్బర్ మీద ఎక్కేటప్పటికే కొంత నొక్కి ఉంటుంది. ఆ ముందస్తు నొక్కుడే ప్రీలోడ్. రింగు మెట్టు పెంచితే అది పెరుగుతుంది. చేపల బజారులో కొక్కేనికి వేలాడదీసే స్ప్రింగు కాటాను గుర్తు చేసుకోండి. సున్నా సరిచేసే మర తిప్పితే ముల్లు బయల్దేరే చోటు మారుతుంది, కిలోకు కిలోకు మధ్య గీతల ఎడం మాత్రం మారదు. బండిలోనూ అంతే. ఒకటో మెట్టులో రెండు కిలోలకు ఒక మిల్లీమీటరు దిగే స్ప్రింగు ఐదో మెట్టులోనూ రెండు కిలోలకు ఒక మిల్లీమీటరే దిగుతుంది. కాకపోతే బండి కాస్త ఎత్తున కూర్చుంటుంది.

## ఒకే బండి, తండ్రి, కూతురు

అంకెలతో చూస్తేనే విషయం తేటపడుతుంది. ఇది ఊహాకుటుంబం. ముమ్మిడివరం దగ్గర ఇల్లు, ఇంట్లో ఒకే బండి. కూతురు 50 కిలోలు, దాని మీద అమలాపురం కాలేజీకి వెళ్తుంది. తండ్రి 90 కిలోలు, సాయంత్రాలు చెరువు దగ్గరికి వెళ్తాడు. వెనక చక్రం మొత్తం కదలిక 80 మి.మీ. చక్రం దగ్గర లెక్కేస్తే మిల్లీమీటరుకు 2 కిలోల స్ప్రింగు. ఒకటో మెట్టులో ప్రీలోడ్ 10 మి.మీ., ఒక్కో మెట్టుకు 3 మి.మీ. పెరుగుతుంది. వెనక స్ప్రింగు మోసే బండి సొంత బరువు 40 కిలోలు.

కూతురు ఎక్కితే వెనక పడేది 40కి 30 కలిపి 70 కిలోలు. దాన్ని మోయడానికి స్ప్రింగు 35 మి.మీ. నొక్కుకోవాలి. అందులో 10 ముందే నొక్కి ఉంది, కనుక నిండు దిగుడు 25. అంటే 80లో 31 శాతం. చక్కగా ఉంది. ఖాళీ దిగుడు 10.

తండ్రి అదే మెట్టులో ఎక్కితే 40కి 54 కలిపి 94 కిలోలు. నొక్కుడు 47, దిగుడు 37 మి.మీ., అంటే 46 శాతం. దాదాపు సగం కదలిక కూర్చోవడానికే అయిపోయింది. రింగును ఐదో మెట్టుకు తిప్పితే ప్రీలోడ్ 22 అవుతుంది, దిగుడు మళ్లీ 25కు వస్తుంది. సమస్య తీరినట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు ఆయన దిగి ఖాళీ బండిని కొలిస్తే సంగతి బయటపడుతుంది. బండి సొంత బరువుకు స్ప్రింగు 20 మి.మీ. నొక్కుకోవాలి, కాని 22 ముందే నొక్కి ఉంది. ఖాళీ దిగుడు సున్నా. నిండు దిగుడు సరిపోయి ఖాళీ దిగుడు లేకుండా పోయిందంటే, ఆ మనిషికి ఆ స్ప్రింగు మెత్తనిది. తక్కువైన గట్టిదనాన్ని ప్రీలోడ్‌తో పూడ్చడం వల్లే అలా అవుతుంది. నిండు దిగుడు ఒక్కటే చూసి ఆగిపోయేవారికి ఈ సంగతి తెలియదు. రెండు కొలతలూ కావాలనడానికి కారణం ఇదే.

ఇదే బండికి మిల్లీమీటరుకు 2.6 కిలోల స్ప్రింగు వేస్తే తండ్రికి 25 మి.మీ. దిగుడు రావడానికి 11 మి.మీ. పైచిలుకు ప్రీలోడ్ చాలు. ఖాళీ దిగుడు సుమారు 4 మి.మీ. మిగులుతుంది. కాని కూతురు ఎక్కితే దిగుడు 16 దగ్గర ఆగిపోతుంది. ఆ పిల్లకు ప్రతి గతుకూ నడుముకు తెలుస్తుంది. ఒకే బండిని ఇద్దరు పంచుకునే ఇంట్లో ఇద్దరికీ పూర్తిగా సరిపోయే స్ప్రింగు లేదు. ఐదు మెట్ల రింగు ఉన్నది ఆ రాజీ కోసమే.

## వంతెన చివరి ఎగుడు దగ్గర

సమాన దిగుడు ఉన్నంత మాత్రాన గతుకు దగ్గర ఇద్దరి బండీ ఒకేలా నడవదు. డెల్టాలో దీన్ని చూడాల్సిన చోటు కాలవ వంతెన.

ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయ్యాక అల్లుకున్న కాలవల వల్ల ఇక్కడ ఏ ఊరికి వెళ్లాలన్నా వంతెనలు దాటాలి. వంతెన లోతైన పునాదుల మీద కదలకుండా నిలబడుతుంది. దానికి రెండు వైపులా మట్టి పోసి ఎత్తిన రోడ్డు మెత్తటి బంకమట్టి మీద కూర్చుని ఏళ్ల తరబడి కుంగుతుంది. వంతెన మొదట్లో, చివర్లో అడ్డంగా ఒక మెట్టు ఏర్పడేది అందుకే. నల్లమట్టి నేలలు వానకు ఉబ్బి ఎండకు బీటలు వారడం వల్ల గట్ల రోడ్ల అంచులు అలల్లా తయారవుతాయి. అలలు సస్పెన్షన్‌ను ఊపుతాయి. వంతెన మెట్టు మాత్రం ఒక్కసారిగా గుద్దుతుంది.

ఆ గుద్దుడుకు చక్రం పూర్తిగా పైకి లేచి అట్టడుగుకు తగిలేలోగా, స్ప్రింగు తన మీద నిలకడగా ఉన్న బరువుకు ఎన్ని రెట్లు మోయగలదు? కూతురి విషయంలో 80 మి.మీ. కదలికకు 10 ప్రీలోడ్ కలిపి 90 మి.మీ., అంటే 180 కిలోలు. ఉన్న బరువు 70. సుమారు 2.6 రెట్లు. తండ్రికి ఒకటో మెట్టులో అవే 180 కిలోలు 94కు 1.9 రెట్లే. ఐదో మెట్టులో 204 కిలోలు, 2.2 రెట్లు. గట్టి స్ప్రింగుతో 237 కిలోలు, 2.5 రెట్లు. రింగు సాయం చేసింది, కాని కూతురికి ఉన్న వెసులుబాటును తండ్రికి ఇవ్వలేకపోయింది. ఈ లెక్కలో డాంపర్‌నూ, అట్టడుగున ఉండే రబ్బరునూ వదిలేశాను. అవి కూడా దెబ్బను కొంత తింటాయి గాని, వరస మారదు.

తల్లి 60 కిలోలు, వెనక కూర్చుంది, ఆమె బరువులో 80 శాతం వెనక చక్రానికి చేరుతుందనుకుంటే, దంపతులిద్దరితో వెనక 142 కిలోలు. ఒకటో మెట్టులో దిగుడు 61 మి.మీ. ఇక మిగిలింది 19 మి.మీ., అంటే బొటనవేలు వెడల్పు. మోయగల బరువు 1.3 రెట్లే. ఐదో మెట్టులో దిగుడు 49, మోత 1.4 రెట్లు. ఇద్దరు ఎక్కినప్పుడు వంతెన దగ్గర వేగం తగ్గించక తప్పదని చెప్పే అంకెలివి. ఏ రింగూ దీన్ని పూర్తిగా మార్చలేదు. బండితో వచ్చే పుస్తకంలో మొత్తం మోత పరిమితి రాసి ఉంటుంది. చిన్న బళ్లలో కొన్నింటికి ఆ పరిమితి ఈ దంపతుల 150 కిలోలకన్నా తక్కువే.

## గట్టిగా అనిపించడం భ్రమా?

కాదు. రింగు తిప్పాక బండి గట్టిపడిందని చెప్పేవారి అనుభవాన్ని కొట్టిపారేయడం సరికాదు. దాని వెనక మూడు కారణాలు ఉండవచ్చు.

ఒకటి, స్ప్రింగు కదలడం మొదలుపెట్టాలంటే ముందుగా ప్రీలోడ్ అంత బరువు పడాలి. ఖాళీ దిగుడు సున్నా అయిన బండిని షెడ్డులో చేత్తో నొక్కి చూస్తే మొదట అసలు దిగదు. చేతికి అది గట్టిదనంలా తెలుస్తుంది. రెండు, తక్కువ బరువున్న మనిషికి ప్రీలోడ్ ఎక్కువైతే చక్రం కిందికి జారే చోటు తగ్గిపోయి, ప్రతి చిన్న గుంతలో చక్రం వేలాడి పడుతుంది. ఆ టకటక కూడా శరీరానికి గట్టిదనమే. 50 కిలోల పిల్ల ఐదో మెట్టులో నడిపితే దిగుడు 13 మి.మీ.కు పడిపోతుంది. రింగు తిప్పాక కుదుపు పెరిగిందనేవారిలో చాలామంది కథ ఇదే అయి ఉంటుందని నా అంచనా.

మూడో కారణం మన సూత్రానికే ఒక సవరణ. కొన్ని బళ్ల వెనక స్ప్రింగులో ఒక చివర చుట్లు దగ్గర దగ్గరగా, మరో చివర ఎడంగా ఉంటాయి. ఇలాంటి స్ప్రింగు మొదట మెత్తగా, దగ్గరి చుట్లు ఒకదానికొకటి ఆనుకున్నాక గట్టిగా పనిచేస్తుంది. దీని మీద ప్రీలోడ్ పెంచితే ఆ దగ్గరి చుట్లు ముందే మూసుకుపోతాయి. కాబట్టి గట్టి భాగం త్వరగా అందుకుంటుంది. అలాంటి బండిలో "రింగు తిప్పితే గట్టిపడుతుంది" అనే మెకానిక్ మాటలో కొంత నిజముంది. స్ప్రింగు చుట్ల మధ్య ఎడాన్ని కంటితో చూస్తేనే ఏ రకమో తెలిసిపోతుంది.

ఒకే షాక్ ఉన్న మోనోషాక్ బళ్లలో మరో చిక్కు ఉంది. అక్కడ షాక్ ఒక మిల్లీమీటరు కదిలేలోగా చక్రం రెండు మూడు మిల్లీమీటర్లు కదిలే ఏర్పాటు ఉంటుంది. రింగు దగ్గర చిన్న మార్పు చక్రం దగ్గర పెద్దదవుతుంది. రెండు షాకుల బండిలో పనికొచ్చిన "రెండు మెట్లు" అన్న కొలతను దానికి అంటగట్టలేం.

## బస్తా ఎక్కడ పెట్టామన్నదీ బరువే

మనిషి బరువు గురించే మాట్లాడుకుంటాం గాని, ఇక్కడి బళ్లు ఖాళీగా తిరిగేది తక్కువ. మన లెక్కలోని కూతురు ఒకటో మెట్టులో, వెనక ఇరుసుకు సూటిగా పైన 25 కిలోల బియ్యం బస్తా పెట్టుకుని వచ్చిందనుకోండి. వెనక పడేది 95 కిలోలు. తండ్రి ఒక్కడే ఎక్కినప్పటి 94కు దాదాపు సమానం. మనిషి కూర్చున్న 40 కిలోల తేడాను 25 కిలోల బస్తా సాధించింది. మనిషి బరువు రెండు చక్రాలకూ పంచుకుపోతే బస్తా బరువంతా వెనకే పడడమే కారణం.

ఇరుసు దాటి ఇంకా వెనక్కి పెడితే పరిస్థితి మరోలా ఉంటుంది. క్యారియర్‌కు వెనక వేలాడే 20 లీటర్ల నీళ్ల టిన్ను, అరటి గెలల మోపు ఇరుసును ఆధారంగా చేసుకుని ముందు చక్రాన్ని పైకి లేపుతాయి. వెనక చక్రం మీద ఆ మోపు బరువుకన్నా ఎక్కువే పడుతుంది. ముందు తేలికై హ్యాండిల్ పట్టు సడలుతుంది, వంపులో బండి బయటికి లాగినట్టు వెళ్తుంది. రింగు ఐదో మెట్టుకు తిప్పితే వెనక ఎత్తు కొంత తిరిగి వస్తుంది, కాని ముందు చక్రం పోగొట్టుకున్న బరువు తిరిగి రాదు. అదే మోపును సీటు మీదికి జరిపితే వస్తుంది.

వెనక కుంగిన బండి హెడ్‌లైటు ఆకాశం వైపు చూస్తుంది. రెండు చక్రాల మధ్య దూరం సుమారు 1,250 మి.మీ. ఉన్న బండిలో, దిగుడు 25 నుంచి 61కి పెరిగితే వెనక 36 మి.మీ. తగ్గినట్టు. 25 మీటర్ల దూరంలో కాంతి సుమారు 70 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. ముందు ఫోర్కు కూడా కొంచెం దిగుతుంది కనుక నిజంగా కలిగే తేడా ఇంతకన్నా కాస్త తక్కువ. అయినా ఎదుటివారి కళ్లలో పడడానికి అది చాలు. ఒకవైపు కాలవ, మరోవైపు చేను ఉన్న సన్నటి గట్టు రోడ్డు మీద రాత్రిపూట ఎదుటి మనిషికి కళ్లు బైర్లు కమ్మడం చిన్న విషయం కాదు. షాకుల గురించి మాట్లాడేవారు ఈ సంగతిని చాలా తక్కువగా ప్రస్తావిస్తారు.

## మూడో వంతు లెక్క అందరికీనా?

దిగుడు లెక్క పందెపు బళ్ల నుంచి వచ్చిందనీ, ఊళ్లో 40 వేగంతో నడిచే బండికి అంత పట్టింపు అక్కర్లేదనీ వాదించేవారున్నారు. కంపెనీ ఒక సగటు మనిషిని దృష్టిలో పెట్టుకునే రింగును ఒక మెట్టు దగ్గర ఉంచి పంపుతుంది, పుస్తకంలో ఎవరికి ఏ మెట్టో సూచిస్తుంది, అది చాలంటారు. సగటుకు దగ్గరగా ఉండే మనిషికి ఈ మాట పూర్తిగా వర్తిస్తుంది. సగటుకు దూరంగా ఉన్నవారికి, రోజూ బరువు మోసే బండికి వర్తించదు. పందెపు బండికి సమయాన్ని మిగిల్చే దిగుడు, ఇక్కడ నడుమును, చక్రం రిమ్మును మిగులుస్తుంది.

స్ప్రింగే మార్చాలా అన్నది ఇంకా పెద్ద వాదం. మార్చాలనేవారి పక్షాన పైన చూసిన 2.2కూ 2.5కూ మధ్య తేడా ఉంది. వద్దనేవారి పక్షాన కూడా బలమైన కారణమే ఉంది. గట్టి స్ప్రింగు మరింత బలంగా తిరిగి తంతుంది, పాత డాంపర్ ఆ తన్నును ఆపడానికి తయారైంది కాదు. కుంగడం తగ్గి, ఎగరడం పెరుగుతుంది. డాంపర్‌తో సహా మార్చకపోతే సగం పనే అయినట్టు. నా దృష్టిలో ఐదో మెట్టులో ఖాళీ దిగుడు బొత్తిగా లేకపోతేనే స్ప్రింగు గురించి ఆలోచించడం న్యాయం. అంతకుముందు రింగుతోనే సరిపెట్టుకోవచ్చు.

## రింగు తప్పు కాని సందర్భాలు

షెడ్డుకు వచ్చే ఫిర్యాదులన్నీ ప్రీలోడ్‌వి కావు. సీటును గట్టిగా కిందికి నొక్కి వదిలితే బండి ఒకసారి పైకి లేచి నిలకడపడాలి. రెండు మూడు సార్లు ఊగితే డాంపర్ పోయినట్టు. కడ్డీ మీద నూనె జిడ్డు, దానికి అంటుకున్న దుమ్ము కూడా అదే చెబుతాయి. అలాంటి షాక్‌కు రింగు తిప్పితే ఎత్తు పెరుగుతుంది, ఊగడం పోదు. టైరులో గాలి ఎక్కువైనా కుదుపు వస్తుంది, ఎందుకంటే టైరు కూడా ఒక స్ప్రింగే. ఒకరికి ఎంత గాలి, ఇద్దరికి ఎంత అన్నది చాలా బళ్లలో చైన్ కవరు దగ్గర గాని, వెనక చక్రాన్ని పట్టుకుని ఉండే స్వింగ్ ఆర్మ్ మీద గాని అతికించి ఉంటుంది. దాన్ని చూడకుండా షాకులను తప్పుపట్టలేం.

డెల్టాలో దీనికి తోడు తుప్పు. చేల బురద రింగు మెట్లలో ఇరుక్కుని ఎండిపోతుంది, తీరం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలి లోహాన్ని తినేస్తుంది. రెండు షాకుల్లో ఒకదాని రింగు బిగుసుకుపోయి రెండోది మాత్రమే తిరిగిన బళ్లు కనిపిస్తుంటాయి. అప్పుడు ఒక షాక్ మూడో మెట్టులో, మరొకటి ఒకటో మెట్టులో ఉండి బరువు స్వింగ్ ఆర్మ్‌కు రెండు వైపులా సమానంగా పడదు, ఆర్మ్ మెలితిరిగే ఒత్తిడికి లోనవుతుంది. ఒక రింగు ఇలా బిగుసుకుపోతే, తిరిగే రింగును బిగుసుకున్నదానికి సరిగ్గా జత చేసి, తుప్పు వదిలే నూనె పట్టించి, బిగుసుకున్న రింగు కదిలాకే మనిషి బరువు లెక్క మొదలుపెట్టాలి.